ఎనిమిదో బెజ్జం

మా నాయినమ్మ మంచం ఒక మూల కదలడం మొదలైంది. కూర్చుంటే కిర్రుమంటుంది, లేస్తే ఇంకోసారి కిర్రుమంటుంది. మూడేళ్ళ కిందట ఊళ్ళో పెంకుటిల్లు తీసేసి స్లాబు వేసినప్పుడు ఆ మంచాన్ని హన్మకొండకు తెచ్చి డాబా మీద రేకుల కింద పెట్టుకున్నాం. జల్లు కొట్టినప్పుడల్లా తడిసింది. నులక కుళ్ళి రాలిపోయింది. మంచం కాళ్ళు, అంటే కోళ్ళూ, వాటిని కలిపే పట్టెలూ మాత్రం అలాగే ఉన్నాయి. మొన్న సంక్రాంతికి, ఇక దీన్ని బాగుచేయాల్సిందే అనుకుని సుత్తె పట్టుకుని కూర్చున్నాను.

చెక్కపని నాకు కొత్త కాదు. పదేళ్ళుగా డాబా మీద ఒక మూలన చేసుకుంటూనే ఉన్నాను. పీటలు, పుస్తకాల అర, మనవరాలు పుట్టినప్పుడు ఒక తొట్టె. కానీ ఈ మంచం మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం మనసు వెనకాడింది. ఇందులో ఒక బెజ్జం నేను కొట్టింది. పన్నెండేళ్ళ వయసులో.

1980 ఎండాకాలం అది. మాది పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. బడికి సెలవులు. ఊళ్ళో సగం మంది తెల్లవారకముందే తునికాకు కోతకు అడివికి పోయేవారు. పెద్దవాళ్ళు లేని ఊళ్ళో మాలాంటి పిల్లలకు మిగిలింది వడ్రంగి పనిచేసే వడ్ల కొట్టం ఒక్కటే. వేపచెట్టు నీడన నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, నేల నిండా మెత్తటి చెక్కపొట్టు. కాళ్ళు కాలకుండా నిలబడగలిగే చోటు ఊరు మొత్తంలో అదే.

మా దిక్కు వడ్రంగిని వడ్లాయన అంటారు. పిల్లలం వడ్ల తాత అనేవాళ్ళం. మా బాపు వరస కలుపుకుని "మామా" అని పిలిచేవాడు. నాయినమ్మకైతే ఆయన తమ్ముడే, "తమ్మీ" అనే పిలిచేది. ఎండాకాలం ఆయనకు ఊపిరి సలపని కాలం. మృగశిర కార్తె రాకముందే ఊళ్ళో నాగళ్ళు, విత్తనాలు వేసే గొర్లు, గుంటకలు అన్నీ బాగై రైతుల చేతికి అందాలి. ఆ పనులకు అప్పటికప్పుడు డబ్బులుండవు. పంట వచ్చాక కల్లం దగ్గరే ఆయన వంతు ధాన్యం, అంటే మేర, ఆయనకు కొలిచిపెట్టేవారు. మంచాలు, దర్వాజలు మేరలోకి రావు, వాటికి విడిగా పైకం. అందుకే నాయినమ్మ మంచం పని రోజూ సాయంత్రం నాగళ్ళు అయిపోయాక కొంచెం కొంచెంగా సాగింది. నా అదృష్టం కొద్దీ అది నెల రోజులు పట్టింది.

మంచం పట్టెలకు టేకు, కోళ్ళకు ఏగి. టేకు దుంగను బాపు ఫారెస్టు డిపోలో వేలం పాడి తెచ్చాడు. తెచ్చి రెండేళ్ళయినా వడ్ల తాత దాన్ని ముట్టుకోనివ్వలేదు. పశువుల కొట్టంలో నేలకు తగలకుండా రెండు దూలాల మీద పెట్టించి, కొసలకు పేడా మట్టీ కలిపి మెత్తించాడు. కట్టెలో నీళ్ళు ఎక్కువగా కొసల నుంచే పోతాయి. అక్కడ తొందరగా ఆరి, నడుమ పచ్చిగా ఉంటే దుంగ పగులుతుంది. పేడ పూస్తే ఆ తొందర తగ్గుతుంది. అంగుళం మందానికి ఒక ఏడాది ఆరాలని ఆయన లెక్క. కోత మిషన్లు అప్పటికి పట్నాల్లో ఉన్నాయి గానీ మా దుంగను ఇద్దరు మనుషులే కోశారు. ఎత్తు మీద దుంగ, దాని మీద ఒకడు, కింద ఒకడు, మధ్యలో నిలువు రంపం. దానికి ముందు జాజు నీళ్ళలో ముంచిన దారాన్ని రెండు కొసలా పట్టుకుని, నడుమ ఎత్తి వదిలారు. టప్పుమని ఎర్రగీత పడింది. కింద ఉన్నవాడి నెత్తీ కనుబొమలూ రంపపు పొట్టుతో పచ్చబడిపోయాయి.

కోసిన పలకలో అంచున ఉన్న తెల్లటి భాగాన్ని ఆయన బాడిసతో చెక్కి అవతల పారేశాడు. చూస్తూ ఉన్న బాపు ప్రాణం విలవిల్లాడింది, డబ్బు పెట్టి కొన్న టేకు కదా. "అది కట్టె కాదు అల్లుడా, పురుగు బువ్వ. చేవ ఉన్నకాడికే మనది," అన్నాడు వడ్ల తాత. చేవ అనే మాటకు అర్థం నాకు ఆ రోజే తెలిసింది. చెట్టు నడుమ ముదిరి రంగు తిరిగిన కట్టె అది. చెదలు, పుచ్చు ముందుగా పట్టేది పై తెలుపునే.

ఏగి గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా అడవుల్లో దొరికే గట్టి కట్టె అది. దాని చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి ఉంచితే పొద్దుటికి రంగు తిరుగుతాయి. షుగరు ఉన్నవాళ్ళు ఆ నీళ్ళు తాగడం ఇప్పటికీ చూస్తుంటాం. కొట్టంలో ఏగి ముక్క నీళ్ళ తొట్టిలో పడితే నీళ్ళు నీలంగా మెరిసేవి. మేం పిల్లలం కావాలనే వేసేవాళ్ళం.

మంచం కోళ్ళు తరిమెన పట్టే రోజుల కోసం నేను ఎంత ఎదురు చూశానో! ఇప్పటి లేతు మిషనులా గిర్రున ఒకవైపే తిరిగేది కాదు అది. నేలలో పాతిన రెండు మొద్దులు, వాటికి ఎదురెదురుగా రెండు ఇనుప మొనలు. ఆ మొనల మధ్య కోడును బిగించి, దాని చుట్టూ తోలుతాడు రెండు చుట్లు చుట్టేవాడు. తాడు రెండు కొసలూ నా చేతుల్లో. కుడిచేత్తో లాగితే కోడు అటు తిరుగుతుంది, ఎడమచేత్తో లాగితే ఇటు. వడ్ల తాత నేల మీద కూర్చుని, అడ్డకర్ర మీద ఉలి ఆనించి, దాన్ని కాలి బొటనవేలితో అదిమి పట్టుకునేవాడు. కట్టె ఆయన వైపు తిరిగినప్పుడు ఉలి ముందుకు వచ్చేది, అవతలికి తిరిగినప్పుడు వెంట్రుకవాసి వెనక్కి పోయేది. నా లాగుడు తాళం తప్పిందంటే ఉలి ఎగిరి కోడు మీద గీత పడుతుంది.

"నా చెయ్యి చూడకు బిడ్డా, సప్పుడు ఇను. సప్పుడు ఒక్కతీరుగ ఉంటే నీ గుంజుడు మంచిగున్నట్టు."

కళ్ళు మూసుకుని లాగేవాణ్ణి. సర్ర్... సర్ర్... అని కోత చప్పుడు. వేడెక్కిన ఏగి వాసన. మొదటి రోజు సాయంత్రానికి చేతులు పైకి లేవలేదు, నాయినమ్మ వేడినీళ్ళు కాపింది. మూడో రోజుకు ఆయన ఉలి ఎప్పుడు లోతుకు దిగుతుందో తాడులోనే తెలిసేది, తాడు బరువెక్కేది. ఆ బరువు తెలియగానే ఇంకొంచెం నిదానంగా లాగేవాణ్ణి. ఆయన తల ఎత్తకుండానే "ఆఁ" అనేవాడు. ఆ "ఆఁ" కోసం నేను రోజంతా లాగడానికి తయారే.

కోడు నున్నగా వచ్చాక లక్క పట్టేవాడు. తిరుగుతున్న కట్టెకు ఎర్రలక్క కడ్డీ ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి కట్టెకు అంటుకుంటుంది. ఎండిన తాటాకును మడిచి దాని మీద గట్టిగా ఒత్తగానే అంతవరకూ మచ్చలు మచ్చలుగా ఉన్న రంగు పరుచుకుని అద్దంలా మెరిసేది. ఎరుపు, దాని పక్కన సన్నగా నలుపు, మళ్ళీ ఎరుపు. ఆ నాలుగు కోళ్ళ మీద రంగు ఈ రోజుకీ ఉంది. అరిగింది గానీ పెచ్చులు లేవలేదు. నా కూలి ఒక బొంగరం. మిగిలిన ఏగి ముక్కతో అదే తరిమెన మీద తీసి, ముల్లు కొట్టి ఇచ్చాడు.

తర్వాతి శివరాత్రికి బాపు నన్ను వేయిస్తంభాల గుడికి తీసుకెళ్తే, ఆ స్తంభాల మీద గుండ్రటి చుట్లు చూసి "తాత తరిమెన పట్టినట్టే ఉన్నయి" అన్నాను. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. ఊరికి వచ్చి ఆ మాట చెబితే వడ్ల తాతకు ఆశ్చర్యమేమీ కలగలేదు. వడ్రంగి, కమ్మరి, కంచరి, శిల్పి, కంసాలి అయిదుగురూ ఒక్క ఇంటివాళ్ళేననీ, రాయి అయినా కట్టె అయినా చెయ్యి ఒకటేననీ చెప్పాడు. ఇప్పటికీ ఆ గుడికి పోతే నా కళ్ళు దేవుడి కంటే ముందు ఆ చుట్ల మీదికే పోతాయి.

కోళ్ళు అయ్యాక పట్టెలు. చెక్కను నున్నగా చేసే రందను వాటి మీద పట్టడం నేర్పించమని వెంటపడ్డాను. రంద ఇవ్వలేదు, సాన ఇచ్చాడు. నాలుగు రోజులు ఉలి నూరడమే పని. ఆ ఉలి మా ఊరి కమ్మరి చేసింది, లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్ళు పట్టించింది. మన ఉత్తర తెలంగాణకు ఉక్కు కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయేది, డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఇలాంటి ఉక్కే. ఇది నేను పెద్దయ్యాక చదువుకున్నాను. చదివిన రోజు మా ఊరి కొలిమి గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను.

నూరడం ఎలాగో కాస్త వివరంగానే చెబుతాను. ఇంట్లో చెక్కపని మొదలుపెట్టే కుర్రాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉలికి ఒక ముఖం చదును, ఒకటి ఏటవాలు. ఏటవాలు ముఖం సాన మీద పూర్తిగా ఆనాలి. చెయ్యి ఊగితే మొన గుండ్రంగా తయారవుతుంది, అది ఇక కోయదు. నూనె వేసి నిదానంగా రుద్దుతూ పోతే కాసేపటికి చదును ముఖం వైపు వేలికి సన్నటి గరుకు తగులుతుంది. అది మొన పొడుగునా తగలాలి. ఒక చోట తగిలి ఇంకో చోట తగలకపోతే పని సగమే అయినట్టు. పూర్తిగా తగిలాక ఉలిని తిప్పి, చదును ముఖాన్ని సాన మీద పరుపుగా పెట్టి రెండుసార్లు లాగితే ఆ గరుకు రాలిపోతుంది. పదును పరీక్ష బొటనవేలి గోరు మీద. మొన ఆనించగానే జారిపోతే మొద్దు, గోరును పట్టుకుంటే పదును. వడ్ల తాత నా ఉలిని గోరు మీద పెట్టి మూడు రోజులు వెనక్కి ఇచ్చాడు. నాలుగో రోజు ఇవ్వలేదు, పక్కన పెట్టుకుని తన పనికే వాడుకున్నాడు. నాకు అంతకంటే పెద్ద మెప్పు ఆ తర్వాత బడిలో కూడా దొరకలేదు.

ఏం కొనాలి అని ఎవరైనా అడిగితే మొదట సాన కొనమంటాను. తర్వాత ఒక ఉలి. మిషన్లు తర్వాత చూసుకోవచ్చు.

రంద పట్టేటప్పుడు ఆయన చెప్పిన మాట ఒకటే. "కట్టె ఎటు పోతాందో సూడు. ఎద్దును మెడకాడికెల్లి తోకదాక నిమిరితే ఊకుంటది. ఎదురు నిమిరితే తంతది." పలక పక్క అంచు చూస్తే నారల పోకడ కనిపిస్తుంది. అవి పైకి లేస్తున్న వైపే రంద పోవాలి. ఎదురు పోతే నార లేచి గుంటలు పడతాయి. సరైన వైపు పోతే ఉల్లిపొరలాంటి చుట్ట రంద నోట్లోంచి లేస్తుంది. అలాంటి చుట్టలను మా చెల్లెలు జడలో పువ్వుల్లా పెట్టుకునేది.

ఇక బెజ్జాల దగ్గరికి వద్దాం.

మంచానికి నాలుగు కోళ్ళు, ఒక్కో కోడుకు రెండు బెజ్జాలు, మొత్తం ఎనిమిది. పట్టె కొసను రెండు వైపులా కోసి నాలుకలా మిగులుస్తారు, అది కుసి. కుసి పోయి బెజ్జంలో కూర్చుంటుంది. పట్టె మందంలో మూడో వంతు కుసికి వదలాలి. సన్నగా చేస్తే కుసి విరుగుతుంది, లావుగా చేస్తే బెజ్జం పెద్దదై కోడు నీరసపడుతుంది. కొలతలన్నీ సూతుల్లో. అంగుళానికి ఎనిమిది సూతులు. ఒక చెక్కముక్కకు మేకు కొట్టి, ఆ మేకు మొనతో గీత గీసేవాడు. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, ఆ మందంలోనే పనివాడు తప్పిపోతాడని ఆయన భయం.

ముందు విల్లు బర్మాతో వరసగా తూట్లు. ఒక చేత్తో విల్లు ముందుకూ వెనక్కూ, ఇంకో చేతిలో కొబ్బరిచిప్ప, దాని కింద బర్మా కాడ. తర్వాత ఉలితో ఆ తూట్ల మధ్య మిగిలింది తీసేయడం. ఏడు బెజ్జాలు ఆయన కొట్టాడు. ఎనిమిదోది కొట్టేముందు నన్ను చూశాడు. నేను అడగలేదు. ఇంతసేపూ తాడు లాగి, ఉలి నూరి, పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తున్నవాడి ముఖంలో ఏం కనిపించిందో.

"రా, ఇది నీది," అన్నాడు.

కోడును రెండు పాదాల మధ్య బిగించుకుని కూర్చున్నాను. మనవాళ్ళకు బల్లా, బిగింపులూ ఉండవు, పాదాలే పట్టుకారు. కొయ్య సుత్తెతో మొదటి దెబ్బ వేసినప్పుడు ఉలి గీత మీద నిలబడి, కట్టె టక్‌మని విడిపోయింది. ఆ మధ్యాహ్నం ఎంతసేపు కొట్టానో తెలియదు. చెమట కళ్ళలోకి కారుతోంది. ఆయన తన పని తాను చేసుకుంటున్నాడు, ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. అయిపోయిందని చెప్పాక వచ్చి, చిటికెన వేలు బెజ్జంలోకి పోనిచ్చి నాలుగు గోడలూ నిదానంగా తడిమాడు. ఏమీ అనలేదు.

"పో బిడ్డా, బువ్వ తిని రాపో. అవ్వ ఎదురు సూస్తాంటది."

పరుగెత్తి పోయి, నాలుగు ముద్దలు మింగి వచ్చేసరికి పట్టె తయారుగా ఉంది. పట్టె కుసి మీదా, నా బెజ్జం పక్కన కోడు మీదా ఎనిమిదేసి చిన్న గాట్లు పెట్టాడు, ఏది ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి. కుసిని బెజ్జం మూతిలో పెట్టి సుత్తె నా చేతికిచ్చాడు. "కొట్టు." కొట్టాను. తక్, తక్, తక్... ప్రతి దెబ్బకూ చప్పుడు బరువెక్కుతూ పోయింది. చివరికి "ధక్" అని ఒకే ఒక్క నిండు చప్పుడు. కుసి మొదలు కోడుకు అతుక్కుపోయింది, మధ్యలో వెంట్రుక పెట్టే సందు కూడా లేదు.

ఆ పైన వెదురు చీలలు. వాటి పనితనం ఇప్పటికీ నాకు ముచ్చటే. కుసి దించకముందే కోడుకు అడ్డంగా ఒక తూటు వేస్తాడు, కుసికి ఇంకో తూటు. రెండూ ఎదురెదురుగా రావు. కుసి తూటు అర సూతంత లోపలికి, పట్టె మొదలు వైపు జరిగి ఉంటుంది. కొస సన్నగా చెక్కిన చీలను కొడితే అది ఆ రెండు తూట్లనూ కలుపుకుంటూ వంగి పోతుంది, పోతూ పోతూ కుసిని లోపలికి లాగి పట్టుకుంటుంది. ఇనుప మేకు ఒక్కటి లేదు. ఇనుము తుప్పు పట్టి చుట్టూ ఉన్న కట్టెను తింటుంది, వెదురు కట్టెతో పాటే ఉబ్బుతుంది, కట్టెతో పాటే ఆరుతుంది.

నాయినమ్మ ఆ మంచం మీద పదిహేడేళ్ళు పడుకుంది. ఇంటికి ఎవరొచ్చినా తలాపున ఉన్న కోడు చూపించి "గీ బెజ్జం మా పిలగాడు కొట్టిండు" అనేది. నేను ఉద్యోగం వచ్చి ఊరు విడిచాక కూడా, పండక్కి పోతే కొట్టం దగ్గర ఆగకుండా ఇంటికి పోయేవాణ్ణి కాదు. వడ్ల తాత ఎప్పుడు కలిసినా మొదట అడిగే మాట ఒకటే. "అవ్వ మంచం కదుల్తలేదు గద బిడ్డా?" లేదు తాతా, రాయి లెక్క ఉన్నది అనేవాణ్ణి. ఆయనకు తన పని మీద అంత శ్రద్ధ అనుకునేవాణ్ణి.

ట్రాక్టర్లు వచ్చాయి, నాగళ్ళు అటకెక్కాయి, మేర ఆగిపోయింది. ఇళ్ళల్లోకి ఇనుప మంచాలు వచ్చాయి. ఆయన కొడుకు దుబాయి పోయాడు. తాత పోయిన ఏడాది కొడుకు సెలవు మీద వచ్చి, ఒక ఉలి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. కొట్టం స్థలంలో ఇప్పుడు ఇల్లు లేచింది.

ప్లైవుడ్ మీద నాకు కోపమేమీ లేదు. అందరికీ టేకు ఎక్కడి నుంచి వస్తుంది? కానీ పొట్టు అదిమి చేసిన పలకలతో కట్టిన బీరువా కాలు ఒక్కసారి నీళ్ళలో నానితే రొట్టెలా ఉబ్బి, మళ్ళీ యథాస్థితికి రాదు. బాగుచేయడానికి వీలు లేని వస్తువును ఇంట్లోకి తెచ్చుకోవడం నాకు మనసొప్పదు. పదేళ్ళ కిందట పాత ఇనుప సామాను దుకాణంలో ఒక రంద ఇనుము దొరికితే, దానికి తుమ్మకట్టెతో ఒళ్ళు నేనే చేసుకున్నాను. ఇనుము 45 డిగ్రీల వాలున కూర్చునేలా తొలిచి, చీలతో బిగించాను. అలా మొదలైంది ఈ డాబా మీది పని.

సంక్రాంతి నాటి సంగతికి వస్తాను. మంచం తిరగేసి ఏ మూల కదులుతోందా అని చూశాను. గాట్లు లెక్కపెట్టాను. ఎనిమిది. నా బెజ్జమే. మిగతా ఏడూ చేత్తో ఊపినా ఉలుకూ పలుకూ లేదు. కట్టె ఆరి సందు పెరిగి ఉంటుంది అనుకున్నాను. చీలను వెనక నుంచి కొట్టి తీసేశాను. అయినా పట్టె సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఏదో జిగటగా పట్టుకుంది. సరేసు అని అర్థమైంది. పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసే పాతకాలం జిగురు అది. ఫెవికాల్ 1959లోనే వచ్చినా మా ఊరి కొట్టంలో చాలా ఏళ్ళు సరేసే నడిచింది. దాని గుణం ఏమిటంటే వేడి తగిలితే కరుగుతుంది, తేమకు మెత్తబడుతుంది. కానీ మంచం బెజ్జాలకు తాత సరేసు వాడడే! చీల ఉండగా జిగురెందుకు అనేవాడు.

వేడినీళ్ళలో ముంచిన గుడ్డ కోడుకు చుట్టి, పావుగంట ఆగి, మళ్ళీ ముంచి చుట్టాను. ఆ వాసన, తడిసిన తోలు వాసన, మెల్లగా లేచింది. పట్టె లాగాను. కుసితో పాటు సన్నటి చెక్కబద్ద ఒకటి జారి నా ఒళ్ళో పడింది.

రెండంగుళాల పొడుగు ఉంటుంది. ఒక కొసన సూతు మందం, అక్కడి నుంచి తరుగుతూ తరుగుతూ రెండో కొసన కాగితమంత. ఏగి కట్టే, నార కూడా కోడు నార పోకడనే ఉంది. బెజ్జంలోకి సెల్‌ఫోను లైటు వేసి చూశాను. మూడు గోడలు నిటారుగా ఉన్నాయి. నాలుగో గోడ, నా వైపుది, లోపలికి పోను పోను వాలిపోయింది. ఉలి నిటారుగా ఉందో లేదో ఎదురుగా కూర్చున్నవాడికి తెలియదు, పక్కకు పోయి చూస్తేనే తెలుస్తుంది. పక్కకు పోయి చూడాలని ఆ రోజు నాకు తట్టలేదు. దెబ్బ దెబ్బకూ ఉలిని నా వైపు లాక్కున్నాను. ఆ దెబ్బలు మెట్లు మెట్లుగా అలాగే ఉన్నాయి. పన్నెండేళ్ళ నా చెయ్యి 45 ఏళ్ళుగా ఆ చీకట్లో అలాగే ఉంది.

నేను బువ్వ తిని వచ్చేలోపు ఆ వాలును వేలితోనే కొలిచి, అదే కట్టెలోంచి బద్ద చీల్చి, అదే వాలుకు రంద పట్టి, సరేసుతో అంటించి, కుసి మొదలు కింద అది కనిపించకుండా కప్పేసి, సుత్తె నా చేతికిచ్చాడు. ఆ "ధక్" చప్పుడులో సగం ఆయనది.

సరేసు మీద ఆయనకు నమ్మకం లేదు. ఇంటి లోపల పొడిగా ఉన్నంతకాలం ఆగుతుంది, తేమ తగిలితే ఆగదు. అది తెలిసే ప్రతి పండక్కీ అడిగాడు, అవ్వ మంచం కదుల్తలేదు గద బిడ్డా అని. నిజం చెప్పడానికి నోరు రాక కాదు. చెబితే నాయినమ్మ చుట్టాలకు చూపించే ఆ కోడు నాకు ఏమైపోయేదో ఆయనకు తెలుసు.

బద్దను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు డాబా మీదే కూర్చున్నాను. కింద నుంచి భోజనానికి పిలుస్తున్నారు.

బెజ్జాన్ని సరిచేసి కొత్త బద్ద పెట్టవచ్చు, ఇప్పుడు నాకు ఆ పని వచ్చు. పెట్టలేదు. పాత జిగురు వేడినీళ్ళతో కడిగి, బద్దను రెండు రోజులు నీడన ఆరబెట్టాను. సరేసు పలక ముక్కలు తెచ్చి రాత్రంతా నానబెట్టి, గిన్నెలో గిన్నె పెట్టి సన్నటి మంట మీద కరిగించాను. నేరుగా మంట మీద పెడితే మాడి పట్టు పోతుంది. బద్దను అదే గోడకు, అదే దిక్కుగా అంటించాను. ఒక రోజు ఆగి పట్టె దించి, తాత ఉలి పిడి మీద నేను కొట్టే కొయ్య సుత్తెతోనే కొట్టాను. చివరి దెబ్బకు నిండుగా పలికింది. కొత్త వెదురు చీల దించి, కొస కోసి నున్నగా చేశాను. మంచాన్ని డాబా మీద నుంచి దించి ముందు గదిలో వేశాం, ఇక దానికి వాన జల్లు తగలదు.

నులక ఇంకా అల్లాలి. మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, ఉగాది వెళ్ళాక వస్తానన్నాడు.